భుజం ఎత్తమన్నది నేనే

మా బావమరిది కుడి చెయ్యి భుజం దాటి పైకి లెగదు. అలగ చేసింది నేను.

ఈ రెండు ముక్కలే ఇన్నేళ్ళూ నా గొంతులో అడ్డం పడి ఉన్నాయి. అన్నం ముద్దతో పాటు దిగేవి, మళ్ళీ పైకొచ్చేవి. మా ఇంటిదానికి చెప్పలేదు. గుళ్ళో కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నప్పుడు కూడా పక్కనోడికి వినబడిపోతాదేమోనని మనసులోనే అనుకునేవోణ్ణి, అదీ సగం దాకా అనుకుని ఆపేసేవోణ్ణి. దేవుడు మిగతా సగం కనిపెట్టుకుంటాడులే అనుకునేవోణ్ణి. కనిపెట్టుకున్నాడో లేదో.

మీరెవరో నాకు తెల్దు. అదే మంచిది. తెలిసుంటే మిమ్మల్ని కూడా అనుమానించేవోణ్ణి. ఈ మనిషి ఎందుకు వింటన్నాడు, విని ఎవరికి మోసేస్తాడు, అని. నా బుద్ధి అలాంటిది. పుట్టుకతో వచ్చిందో, చేసిన పని వల్ల వచ్చిందో చెప్పలేను. రైల్వే వర్క్‌షాపులో స్ప్రింగుల సెక్షన్లో పని చేసి రిటైరైనాను. బోగీ కిందుండే చుట్టల స్ప్రింగుల్ని మిషన్లో పెట్టి నొక్కి, ఎంత మోస్తన్నాదో చూసి, పాసో ఫెయిలో చెప్పడం నా డ్యూటీ. ఉక్కుకి ఎండా వానా లేదు. రావలసిన బరువు రాలేదంటే ఎవడో ఎక్కడో చెయ్యి పెట్టినట్టే. కొలిమి దగ్గరోడు తొందరపడ్డాడా, అరగదీసినోడు ఎక్కువ అరగదీసినాడా, అని వెతికేవోళ్ళం. వెతికితే మనిషి దొరికేవోడు. ఎప్పుడూ దొరికేవోడు. అదే నా కొంప ముంచింది.

విల్లు సంగతి చెప్పాల. మా తెలుగోళ్ళ పేట న్యూ సెటిల్‌మెంట్‌లో దసరాకి వెదురూ కాగితంతో పది తలల బొమ్మ కడతారు. దాన్ని అగ్గిపుల్లతో అంటించరు. దూరంగా గీసిన గీత దగ్గర నిలబడి, ములుక్కి నూనెగుడ్డ చుట్టి వెలిగించిన బాణంతో కొట్టాల. తాతల నాడు శ్రీకాకుళం నుంచి ఈ పరరాష్ట్రం రైల్వే ఊరికి కూలికొచ్చినోళ్ళు పెట్టిన పట్టింపు అది. గుడ్డ చుట్టిన బాణం బరువుగా ఉంటాది, మంటకి గాలి అడ్డం కొడతాది. చిన్నా చితకా విల్లుతో వదిలితే సగం దారిలో గడ్డిలో పడి ఆరిపోతాది. జనం గొల్లుమంటారు. అందుకే బరువు విల్లు కావాల, దాన్ని లాగే మనిషి కావాల. చాలా ఏళ్ళు ఆ మనిషిని నేనే.

నాది ఒంటి వెదురు బద్దతో చేసిన విల్లు, నిలబెడితే నా నుదురు దాకా వచ్చేది. స్ప్రింగ్ త్రాసుకి తగిలించి చెవి దాకా లాగితే ముప్పై అయిదు కిలోలు చూపించేది. అలాంటి విల్లుని చేతి బలంతో లాగుదామనుకున్నోడు వెర్రోడు. చెయ్యి వట్టి కొక్కెం. లాగేది వీపు. ముందు రెండు భుజాలూ కిందకి దించి వదిలెయ్యాల, మెడ పొడుగ్గా ఉండాల. ఎడం చేత్తో విల్లుని ముందుకి తోస్తా, ఇరుకు గుమ్మంలోంచి దూరినట్టు ఛాతీని తాడుకీ బద్దకీ మధ్యలోకి తోసెయ్యాల. వీపు మీది రెండు రెక్కలూ దగ్గరకొస్తే తాడు దానంతటదే చెవి దాకా వచ్చేస్తాది. వచ్చినాక ఆగకూడదు. వదిలెయ్యాల. పట్టుకుని నిలబడితే బలమంతా కారిపోతాది, కీళ్ళ మీద పడిపోతాది. తేలిక విల్లుతో ఒక ఏడు, దాని కన్నా బరువుదాంతో ఇంకో ఏడు, అలగ మెట్టు మెట్టుగా ఎక్కాల. తొందర పడకూడదు. ఇదంతా నాకు తెలుసు. చాలా బాగా తెలుసు. తెలీక చేసిన తప్పయితే ఇలగ మీ ముందు కూర్చునే పని లేకపోవును.

పైడిరాజు మా ఇంటిదానికి ఒక్కగానొక్క తమ్ముడు. బోగీల మీద నెంబర్లూ అక్షరాలూ రాసే పెయింటరు. నిచ్చెనెక్కి, చెయ్యి పైకెత్తి, గీత గియ్యకుండా బ్రష్షుతో రాసేసేవోడు, ఒక్క అక్షరం వంకర పోయేది కాదు. పక్క పేట తాల్‌బగీచాలో ఉండేవోడు. సైకిలు మీద మా వీధి మలుపు తిరుగుతానే "బావా" అని అరిచేవోడు, వాళ్ళక్క ఇంట్లోంచే టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టేసేది. నాకు ఆడంటే ఇష్టమే. ఈ మాట నమ్మండి. ఇష్టం ఉన్నోడి మీద అనుమానం రాదని ఎవరన్నారు? ఇష్టం ఉన్నచోటే ముందొస్తాది.

ఆడే విల్లు నేర్పమన్నాడు. నేర్పినాను. మొదటి రెండేళ్ళూ సరిగ్గానే నేర్పినాను, తేలిక విళ్ళతో. పెయింటరు చెయ్యి కదా, వణుకు లేదు, గురి తప్పదు. బాగా లాగుతన్నాడని నాకు గర్వంగా ఉండేది. ఒక రోజు సుభాష్‌పల్లి పేట నుంచొచ్చే దసరా కమిటీ పెద్ద, దాదా అంటాం, ఆయన మైదానంలో చూసి, నవ్వుతా, "ఈసారి దసరాకి మీ శాలాబాబుని గీత మీద నిలబెడదామా?" అన్నాడు. శాలాబాబంటే వాళ్ళ మాటలో బావమరిది. నేనూ నవ్వినాను. "ఎందుకు నిలబెట్టకూడదు, మా ఓడే కదా" అన్నాను. ఇంటికెళ్తా దారంతా అదే ఆలోచన. దాదాకి ఆ మాట ఎవరు ఎక్కించినారు? పైడిరాజు ఆ పక్కనే నిలబడి తలొంచుకుని ఎందుకు నవ్వుకున్నాడు? సిగ్గుపడి నవ్వినాడని ఇప్పుడు తెలుస్తన్నాది. అప్పుడు అలగ కనబడలేదు.

అదే ఏడు వానల్లో మా కోటరు పైకప్పు కారింది. నా విల్లు ఎప్పుడూ వంటింట్లో పొయ్యికి పైన, మేకులకి తగిలించి ఉండేది. రిపేరు చేసే వరకు తడిసిపోతాదని ఆడే తీసుకెళ్ళి వాళ్ళింట్లో పెట్టినాడు. పాత దుప్పట్లో చుట్టి, గోడకి ఆనించి, పిల్లలెవరూ ముట్టకుండా చూసుకున్నాడంట. వానలు తగ్గుముఖం పట్టి దసరా దగ్గర పడతన్నాదని తెచ్చిచ్చినాడు. లాగినాను. తేలిగ్గా వచ్చేసింది. ముందు సంతోషపడ్డాను, నాకింకా బలం పెరిగింది కాబోలని. తర్వాత ఎందుకో మనసు పీకింది. త్రాసు తెచ్చి తగిలించినాను. ముప్పై ఒకటి.

విల్లు చేసేవోళ్ళు బరువు తగ్గించాలంటే పగిలిన గాజుముక్కతో బద్ద కడుపుని, అంటే లోపలి వైపుని, సన్నగా గీకుతారు. పొట్టు లేస్తాది, బరువు దిగుతాది. ఇది పైడిరాజుకీ తెలుసు, నేనే చెప్పినాను. నేను వెలుతురులోకి తీసుకెళ్ళి బద్దంతా వేళ్ళతో తడిమినాను. ఒకచోట గీతలాగ కనబడింది. కనబడాలని చూసినోడికి కనబడకేం? నా లెక్క తేలిపోయింది. నా విల్లు సత్తువ తీసేసినాడు. దసరా నాడు జనం ముందు నా బాణం గడ్డిలో పడాల, వచ్చే ఏడు ఆడు గీత మీదకెక్కాల. ఔరా నా బావమరిదీ, అక్క చేతి కూడు తిని ఇదా నువ్వు చేసింది, అనుకున్నాను.

అడిగేస్తే అయిపోయేది. ఒక్క మాట. "ఒరే, విల్లుని ఏటైనా చేసినావా?" అడగలేదు. అడిగితే జాగ్రత్త పడిపోతాడనుకున్నాను. నిజంగా అందుకేనా? లేక, లేదంటాడేమోనని, అంటే నేను నమ్మాల్సొస్తాదేమోనని అడగలేదా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. జవాబు దొరికినట్టే ఉంటాది, అంతలో చేతిలోంచి జారిపోతాది.

ఏమీ ఎరగనట్టు నవ్వుతా ఆ ఆదివారం ఆణ్ణి పిలిచినాను. "ఇంక తేలిక విల్లు చాలు, నాది పట్టు" అన్నాను. మెట్లన్నీ వదిలేసి ఒకేసారి బరువు విల్లు చేతికిచ్చినాను. బరువు విల్లు పద్ధతే వేరని చెప్పినాను. అబద్ధం. పద్ధతి ఒకటే, ఏ విల్లుకైనా. కుడి భుజం పైకెత్తమన్నాను. చేత్తోనే లాగమన్నాను. లాగినాక వదలకుండా, ఒళ్ళు వణికే దాకా పట్టుకోమన్నాను. తాల్‌బగీచా అవతల మైదానంలో, తుంపర పడతా ఉంటే, మూడు నాలుగు వారాలు ఇదే సాధన. ఒకనాడు ఆడు విల్లు దించి భుజం నొక్కుకున్నాడు.

"బావా, భుజం లోపల ఏటో పట్టేస్తన్నాది. నేను సరిగ్గానే లాగుతన్నానా?"

"సరిగ్గానే లాగుతన్నావు. నొప్పొస్తే బలం దిగుతన్నట్టు. భుజం ఇంకా పైకెత్తు."

"ఇంకానా?"

"చెవికి తగలాల."

"ఠీక్ హై బావా. నువ్వు సెప్పినావంటే సాలు నాకు."

అంతే జరిగింది. కొట్టలేదు, తిట్టలేదు. ఏ కోర్టులోనూ నిలబడని నేరం. ఆడు భుజం ఎత్తి మళ్ళీ లాగినాడు. నొప్పికి పెదవి కొరుక్కోవడం చూసినాను. చూసి, బాగా అయిందిలే అనుకున్నాను. ఇది కూడా చెప్పెయ్యాల మీకు, దాచకుండా. అనుకున్నాను.

దసరాకి ముందు ఆదివారం కమిటీవాళ్ళు ఎప్పుడూ ఒకసారి పరీక్ష చూస్తారు, వెలిగించకుండా తడిగుడ్డ చుట్టిన బాణంతో. దాదా పైడిరాజుని పిలిచినాడు. ఆడు భుజం చెవి దాకా ఎత్తి, లాగి, నేను చెప్పినట్టే పట్టుకుని నిలబడ్డాడు. దూరంగా ఉన్న నాకు కూడా ఆ చప్పుడు వినబడింది, లోపల ఏదో తెగినట్టు. బాణం బురదలో దిగబడింది. ఆడు మోకాళ్ళ మీద కూలబడిపోయినాడు. నేను పరిగెత్తుకెళ్ళేసరికి మొహం నల్లగా అయిపోయింది. అప్పుడు ఆడన్న మొదటి మాట, "బావా, విల్లుకేం కాలేదు కదా?"

ఆ మాటకి ఎవరికైనా మనసు కరిగిపోవాల. నాకేటి తోచిందో తెలుసా? సూడు, విల్లు గురించే అడుగుతన్నాడు, లోపల తప్పు చేసినోడి భయం అది, అనుకున్నాను. అంత చెడిపోయింది నా బుర్ర.

నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళినాను. లోపల కండరం చిరిగిందన్నారు. ఆపరేషను అయింది, కట్లు, వ్యాయామాలు, అన్నీ అయినాయి. చెయ్యి భుజం వరకే వచ్చి ఆగిపోయింది. నిచ్చెనెక్కి రాసే పని పోయింది. స్టోర్సులో కూర్చోబెట్టినారు, రంగు డబ్బాలు ఇచ్చే బల్ల దగ్గర. రాసేది వేరేవోడు, డబ్బా అందించేది ఆడు. ఆ బల్ల పక్క నుంచి వెళ్ళాల్సొస్తే నేను చుట్టూ తిరిగి వెళ్ళేవోణ్ణి. మా ఇంటిది మాత్రం అందరికీ చెప్పుకునేది, మా ఆయన నా తమ్ముడికి సొంత అన్న కన్నా ఎక్కువ చేసినాడు, ఒళ్ళో పెట్టుకుని చూసినాడు, అని. ఆ దసరాకి గీత దగ్గర నేనే నిలబడినాను. బాణం బొటాబొటిగా బొమ్మ కాలికి తగిలి అంటుకుంది. చప్పట్లు కొట్టినారు.

అప్పటికి పైకప్పు బాగుచేసినారు. విల్లు మళ్ళీ వంటింట్లో పొయ్యి పైకెక్కింది. చలికాలంలో ఒక రోజు దుమ్ము దులుపుదామని దించినాను. ఊరికే లాగి చూసినాను. రాలేదు. బిగుసుకుపోయి ఉంది. త్రాసుకి తగిలించినాను. ముప్పై అయిదు. విప్పి మళ్ళీ తగిలించినాను. ముప్పై అయిదే.

గీకినది మళ్ళీ ఎలగ పెరుగుతాది? పెరగదు. వాన నెలలన్నీ తడిగోడకి ఆనుకుని వెదురు నీరు పీల్చుకుంది, మెత్తబడింది. పొయ్యి వేడికి ఆరింది, గట్టిపడింది. అంతే సంగతి. నా విల్లు ఎప్పుడూ పొయ్యి మీదే ఉండేది గనక నాకెప్పుడూ ఆ తేడా తెలియలేదు. ఉక్కుతో బతికినోణ్ణి, వెదుర్ని కూడా ఉక్కే అనుకున్నాను. బరువు తగ్గితే మనిషిని వెతికినాను. మనిషి దొరికినాడు.

ఆ రోజే వెళ్ళి చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. ఎందుకు? మా ఇంటిదానికి భయపడ్డాను. పేరు పోతాదని భయపడ్డాను. పోనీ కొన్నాళ్ళాగి చెబుదామనుకున్నాను. ఆగేకొద్దీ ఇంకో పురుగు పట్టుకుంది నన్ను. ఆడికి తెలుసు. తెలిసి ఊరుకుంటన్నాడు. సమయం చూసుకుని అక్క ముందు బయటపెడతాడు. ఇంటికొచ్చి భోజనానికి కూర్చుని ఎడం చేత్తో గ్లాసు అందుకుంటే, నాకు చూపించడానికే అలగ అందుకున్నాడనుకునేవోణ్ణి. "బావ నేర్పిన సదువు" అని ఎవరితోనైనా నవ్వుతా అంటే ఆ రోజంతా నాకు నెమ్మది ఉండేది కాదు. వాళ్ళక్క ఆడి భుజానికి నూనె రాస్తా ఉంటే, నొప్పిగా ఉందా అని నేను అడిగేవోణ్ణి. ఆడు నా మొహంలోకి చూసి లేదు బావా అనేవోడు. ఆ చూపులో ఏటుందో వెతికేవోణ్ణి. చెడగొట్టింది నేను, పద్నాలుగు పదిహేనేళ్ళు అనుమానంగా చూసింది మళ్ళీ ఆణ్ణే. సిగ్గుందా నాకు?

కళ్ళు కనబడటం లేదని చెప్పి దసరా బాణం మానేసినాను. ఇంకెవరికీ విల్లు నేర్పలేదు.

ఈ ఏడు వానలు మొదలయ్యే ముందు పైడిరాజు కూతురు హైమ మా ఇంటికొచ్చింది. కాలేజీలో చేరింది. పొడుగ్గా, వాళ్ళ నాన్న పోలికే. చేతిలో ఆడి పాత తేలిక విల్లు. దసరాకి ఆడపిల్ల ఎందుకు కొట్టకూడదని కమిటీతో దెబ్బలాడి ఒప్పించిందంట, వచ్చే ఏడు కాకపోతే పై ఏడు తనే గీత మీద నిలబడతాదంట. "బరువు విల్లు నాకు నువ్వే నేర్పాల మామయ్యా. మొదలు నాన్న నేర్పేసినాడులే" అంది. పద చూద్దాం అన్నాను. మైదానానికెళ్ళినాం. తాడు ఎక్కించి, నిలబడి, లాగింది.

కుడి భుజం చెవికి తగిలింది. లాగి, వదలకుండా పట్టుకుంది. మోచెయ్యి వణకడం మొదలైంది. ఇంకా పట్టుకుంది.

నా మాట. ఆ రోజు తుంపరలో నేనన్న మాట ఈ పిల్ల ఒంట్లో ఉంది. ఆడికేమీ తెల్దు. ఎప్పుడూ తెల్దు. అన్నేళ్ళూ నన్ను నమ్మినాడు, ఎంత నమ్మినాడంటే, చెయ్యి పోయినా నేను చెప్పింది తప్పని అనుకోలేదు, తనే సరిగ్గా చెయ్యలేదనుకున్నాడు, ఆ చదువునే పదిలంగా దాచి కూతురికి పెట్టినాడు. దించు, దించెయ్యి, అని అరిచినాను. పిల్ల బెదిరిపోయింది. "భుజం ఎత్తాలని నువ్వే కదా నాన్నకి చెప్పినావు?" అంది.

దిద్దితే ఆడికి తెలిసిపోతాది. దిద్దకపోతే ఈ పిల్ల భుజం కూడా పోతాది. ఆలోచించినానా? ఒక్క క్షణం ఆలోచించినాను. ఆ క్షణం కూడా నా లెక్కలోనే రాసుకోండి.

పిల్లని వెంటబెట్టుకుని తిన్నగా వాళ్ళింటికి వెళ్ళినాను. దాన్ని లోపలికి పంపించి, అరుగు మీద ఆడి పక్కన కూర్చుని అంతా చెప్పేసినాను. త్రాసు, గాజుముక్క, గీత, భుజం, చలికాలం. ఒక్కటీ మిగల్చలేదు. ఆడు నేల వైపు చూస్తా విన్నాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను. భుజం గురించి ఒక్క మాట అడగలేదు. "నేను నీ విల్లు గీకినాననుకున్నావా బావా?" అన్నాడు. అవునన్నాను. వాళ్ళక్కకి తెలుసా అని అడిగినాడు. తెల్దన్నాను.

"అక్కకి సెప్పకండి. దానికి మనిద్దరమే ఉన్నాం."

నా పెళ్ళి నాటి నుంచి నన్ను నువ్వు అనే పిలిచినాడు. అండీ అన్న మాట ఆడి నోట అదే మొదలు. బావా అన్న పిలుపు అక్కడితో సరి. మా ఇంటికి రావడం మానేసినాడు. తమ్ముడు ఎందుకు రాటం లేదో కనుక్కో అని మా ఇంటిది రోజూ నా ప్రాణం తీస్తన్నాది. పనులున్నాయంట అని చెప్తన్నాను. చెప్పొద్దన్నాడు కదా. ఆ ఒక్క మాటైనా నిలబెట్టుకోవాల కదా. అందుకే మీకు చెప్తన్నాను, దానికి చెప్పలేక.

చెప్పినాక తేలికైందా అంటే, అయింది. సిగ్గు లేకుండా ఒప్పుకుంటన్నాను. ఆ రోజు మధ్యాహ్నం పడుకుంటే ఒళ్ళెరగని నిద్ర పట్టింది. ఆడికి ఆ రోజు నిద్ర పట్టి ఉండదు. నా బరువు దించుకుని ఆడి మీద పెట్టి వచ్చినానేమో. మేలు చేసినానా, రెండోసారి కీడు చేసినానా? ఆడు క్షమించలేదు. నేను అడగనూ లేదు.

హైమ మాత్రం పట్టు వదల్లేదు, బరువు విల్లు ఎరిగినోడు ఇక్కడ ఇంకెవరూ లేరు. ఆదివారం ఆదివారం ఆడే సైకిలు తోసుకుంటా పిల్లని మైదానానికి తీసుకొస్తన్నాడు. నాకు కొంచెం దూరంలో నిలబడతాడు. నేను చెప్తాను, భుజం కిందకి దించమ్మా, వీపుతో లాగు, రాగానే వదిలెయ్యి. పిల్ల కదలదు. ముందు వాళ్ళ నాన్న వైపు చూస్తాది. ఆడు వట్టి చేతులతో, నేను చెప్పింది చెప్పినట్టు, ఆ చెడిపోయిన భుజంతో నెమ్మదిగా చేసి చూసుకుంటాడు. నొప్పి ఎక్కడైనా పట్టుకుంటన్నాదేమోనని ఆగుతాడు. పట్టుకోలేదని నమ్మకం కుదిరినాక పిల్లకి తలూపుతాడు. అప్పుడు గానీ అది తాడు మీద చెయ్యి వెయ్యదు.